మధ్య తలుపున్న గది

పోయిన వారం సాలేహాను మనం చామంతి మళ్ల మధ్య, చెవి దగ్గర ఫోనుతో నిలబెట్టి వచ్చేశాం. ఫోను చేసింది కూతురు ఆఫ్షీన్. కొంపల్లిలో ఒక ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తుంది. ఓడలో తమకని ఎంచుకున్న గది ఇప్పుడు తమ పేరు మీద లేదని, తను సెలవులో ఉన్న రోజు ఎవరో ఆఫీసుకు ఫోన్ చేసి మార్పించారని, మార్చమన్నది సాలేహాయేనని మేనేజరుకు చెప్పారని ఆ పిల్ల ఒక్క గుక్కలో చెప్పేసింది. ఎవరు చేశారే అని మాత్రం సాలేహా రెండుసార్లు అడగాల్సి వచ్చింది. "చక్రపాణి అంకుల్, అమ్మీ" అంది చివరికి.

కథలోకి ఆలస్యంగా వచ్చినవాళ్లు కంగారు పడక్కర్లేదు, సంగతి చిన్నదే. చక్రపాణి, అతని భార్య అమ్మడు గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు. కొత్తలో మేడ్చల్‌లో సాలేహా, ఆమె భర్త మన్నాన్ ఉండే ఇంటి మేడ మీద వాటాలో అద్దెకు దిగారు. అద్దెకు దిగడమైతే దిగారు గానీ, మేడ మెట్ల తలుపు ఏనాడూ వేసింది లేదు. పైన ఉడికిన పప్పు కిందికి, కింద వండిన బగారన్నం పైకి నడిచేవి. తర్వాత వాళ్లు కాలనీలో సొంతిల్లు కట్టుకున్నారు. వీళ్లు శామీర్‌పేట అవతల పూలతోట దగ్గరికి మారిపోయారు. అయినా వారానికి ఒకసారైనా ఎవరో ఒకరి గడప రెండోవాళ్లు తొక్కకుండా ఉండలేదు. చక్రపాణి రిటైరయ్యాక నలుగురూ కలిసి చెన్నై నుంచి శ్రీలంక దాకా వెళ్లొచ్చే పెద్ద ఓడ ఎక్కాలని ముచ్చటపడ్డారు.

గది ఎంచుకున్న రోజు జరిగిన తమాషా తలుచుకుంటే సాలేహాకు ఈ మంటలో కూడా నవ్వొస్తుంది. ఆఫ్షీన్ ఓడ అంతస్తుల నక్షా తెచ్చి అమ్మడు వాళ్ల భోజనాల బల్ల మీద పరిచింది. మేడ్చల్ చుట్టుపక్కల ఆదివారం ఆదివారం వెంచర్లు చూసి చూసి అలవాటైపోయిన చక్రపాణికి అది కూడా ప్లాట్ల లేఅవుట్‌లాగే కనిపించింది. కళ్లజోడు సర్దుకుని, తూర్పు ముఖం గది ఏదమ్మా, కార్నర్ బిట్ ఏమైనా మిగిలిందా అని అడిగాడు. పొద్దున తూర్పు చూసిన గది సాయంత్రానికి పడమర చూస్తుంది అంకుల్, ఓడ తిరుగుతుంది కదా అని ఆఫ్షీన్ చెబితే, సరే వాస్తు పోతే పోయింది, వీధిపోటు మాత్రం ఒప్పుకోను, వరండా తిన్నగా వచ్చి తలుపుకు తగిలే గది వద్దన్నాడు. మన్నాన్ అడిగింది ఒక్కటే, మంచానికీ గోడకూ మధ్య నమాజుకు చాప, జానమాజ్, పరుచుకునేంత జాగా ఉండాలని. ఏ దిక్కుకు తిరగాలో ఫోను చెబుతుందని కూతురు ధైర్యం చెప్పింది.

అమ్మడుకు ఇంకో భయం. దుండిగల్ దాకా బస్సెక్కినా కడుపులో తిప్పే మనిషి ఆవిడ. అప్పుడు ఆఫ్షీన్ అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. ఓడ ముక్కు దగ్గరా తోక దగ్గరా గదులు లేస్తాయి, పడతాయి. నడిమి గదులు తక్కువ కదులుతాయి, నడిమిలో కూడా కిందికి పోయేకొద్దీ ఇంకా తక్కువ. ఈతకొలను కింది గది తీసుకుంటే తెల్లవారకముందే నెత్తి మీద కుర్చీలు ఈడుస్తారు. పాటల హాలు మీది గది తీసుకుంటే ఇక నిద్ర మాట మరిచిపోవాలి. లిఫ్టు దగ్గరగా ఉంటే మోకాళ్లకు సుఖమే, మరీ ఆనుకుని ఉంటే జనం గోల. అన్నీ వడపోసి చివరికి ఎనిమిదో అంతస్తులో సరిగ్గా నడిమిన, బాల్కనీ ఉన్న రెండు గదులు పక్కపక్కన తీసుకున్నారు. ఆ రెండు గదుల మధ్య గోడలో ఒక తలుపుంది, అటూ ఇటూ ఒప్పుకుంటే తెరుస్తారు. ఆ తలుపున్న గదులే కావాలని పట్టుబట్టింది సాలేహా. ఎందుకో ఎవరూ అడగలేదు, మెట్ల తలుపు సంగతి నలుగురికీ తెలుసు.

ఇప్పుడు చూస్తే తమ పేరు మీద ఉన్నది అన్నిటికన్నా కింది అంతస్తులో, ఓడ ముక్కు దగ్గర, కిటికీ లేని గది. రెండు మంచాలు వేస్తే నడవడానికి ఒంటికాలి చోటు మిగులుతుందట. ఇక చాప ఎక్కడ పరుస్తారు?

సాలేహా ఈ సంగతి మన్నాన్‌కు చెప్పలేదు. చక్రపాణి ఈ పని చేశాడంటే ఆ మనిషి అన్నం మానేస్తాడని తెలుసు. ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, అడిగితే తేలిపోతుంది అని తనకు తాను సర్దిచెప్పుకుని, బురఖా వేసుకుని, షేర్ ఆటో పట్టుకుని మేడ్చల్ వచ్చింది.

అమ్మడు వాళ్ల తలుపు దగ్గరకు వేసి ఉంది. ఆ ఇంట్లోకి పిలిచి వెళ్లే అలవాటు సాలేహాకు లేదు. లోపలికొచ్చి, ఎప్పటిలాగే బురఖా తీసి తలుపు వెనక కొక్కేనికి తగిలించి, చీర కొంగు సవరించుకుంది. ఇల్లంతా పులిహోర పోపు వాసన. సోఫాల మీద కొత్త దుప్పట్లు. అమ్మడు పట్టుచీర కట్టుకుని బల్ల దగ్గర నిలబడి పళ్లాలు తుడుస్తోంది. బల్ల మధ్యలో అదే నక్షా. సాలేహాను చూడగానే ఆవిడ చేతిలో గుడ్డ ఆగింది. రా అక్కా అనలేదు. ఇంత పొద్దున్నే వచ్చావేంటి అంది.

సాలేహా కూర్చోలేదు. వస్తూ వస్తూ ఎన్ని రకాలుగానో అల్లుకున్న మాటలన్నీ పక్కనపెట్టి సూటిగా అడిగేసింది.

"రూము మార్పిచ్చింది నువ్వా, అన్ననా?"

ఆ ప్రశ్న కోసం అమ్మడు ఎన్నాళ్లనుంచో తయారుగా ఉన్నట్టుంది. తడుముకోకుండా మొదలుపెట్టింది. నీ మోకాళ్ల కోసమే అక్కా, ఎనిమిది అంతస్తులు ఎక్కి దిగడం నీవల్ల ఏమవుతుంది, ఆఫ్షీనే చెప్పింది కదా కిందయితే కదలదని, నీకు చెబితే మొహమాటపడి పైనే ఉంటానంటావని ఆయన చేత చేయించాను అంది. ఎంత ప్రేమగా చెప్పిందంటే, ఆ మాటలు ఇంకెవరైనా విని ఉంటే సాలేహానే కసిరేవారు, ఇంత మంచి స్నేహితురాలిని అనుమానిస్తావా అని.

"లిఫ్టు ఉన్న ఓడల మోకాళ్లకు ఏం పనే?" అంది సాలేహా. "కిందైతే కదలదన్నది నడుమ రూముల ముచ్చట. గిది ముక్కు కాడ. నువ్వు గూడ ఇన్నవు గా దినం. నాకు అబద్ధం చెప్పనీకి నా బిడ్డ మాటే దొరికిందా నీకు?"

అమ్మడు గుడ్డ బల్ల మీద పడేసి కుర్చీలో కూలబడింది. ఆవిడ ముఖంలో సిగ్గు కన్నా విసుగే ఎక్కువ కనిపించింది. దొరికిపోయినవాళ్లకు ఒక్కోసారి పట్టుకున్నవాళ్ల మీదే కోపమొస్తుంది. కూతురు సహస్రకు సంబంధం కుదిరిందని, పిల్లవాడి పేరు నాగసాయి అని, వాళ్లిద్దరూ ముందే ఇష్టపడ్డారని, అతని తల్లి కూడా ఓడ ప్రయాణానికి వస్తానందని, ఎనిమిదో అంతస్తులో ఆ రెండో గది వాళ్లకు ఇచ్చామని ముక్కలు ముక్కలుగా చెప్పింది. నలుగురు వెళ్లాల్సిన ప్రయాణంలో సహస్ర, నాగసాయి, అతని తల్లి ఎప్పుడు చేరారో సాలేహాకు అర్థం కాలేదు. ఇంకో మాట అంతకన్నా గట్టిగా తగిలింది. సహస్రకు పెళ్లి కుదిరింది, ఆ కబురు తనకు ఇప్పుడు తెలిసింది.

ఇక్కడ మనం కొంచెం వెనక్కి వెళ్లాలి, లేకపోతే సాలేహా గుండెలో ఆ మాట ఎందుకంత లోతుగా దిగిందో తెలియదు.

సహస్ర పుట్టిన కొత్తలో అమ్మడు టైఫాయిడ్ తిరగబెట్టి ఆసుపత్రి పాలైంది. ఏ డబ్బా పాలు పట్టినా పసిగుడ్డు కక్కేసేది. నాలుక పిడచకట్టిన బిడ్డను రెండు చేతుల్లో పట్టుకుని చక్రపాణి మెట్లు దిగి వచ్చి, ఏం అడగాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయాడు. సాలేహా ఒళ్లో అప్పటికి కొన్ని నెలల కొడుకు రహీల్ ఉన్నాడు. ఆమె ఒక పక్క కొడుకును దించి, ఇంకో పక్క ఆ బిడ్డను ఎత్తుకుంది. అత్తగారు చూసి ఒక్క మాటే చెప్పింది. పాలు తాగితే బిడ్డే. రేపు వీడికీ దానికీ పెళ్లి మాట అనకూడదు, వీడు దానికి అన్న, నువ్వు తల్లివి, ఆలోచించుకుని ఇయ్యి అని. ఆలోచించడానికేముంది, బిడ్డ అప్పటికే తాగుతోంది. ఆ సాయంత్రం అత్తగారు ఇంటికి ఆడపిల్ల వచ్చిందని ఖీర్ వండి వాడలో పంచింది. అమ్మడు లేచి తిరిగేదాకా సహస్ర సాలేహా పాలే తాగింది. మాటలొచ్చాక అమ్మడును అమ్మ అని, సాలేహాను అమ్మీ అని పిలిచింది. ఇప్పటికీ ప్రతి ఏడూ రహీల్ చేతికి రాఖీ కట్టేది సహస్రే.

సాలేహా వాళ్ల ఇళ్లలో పాలిచ్చిన తల్లంటే ఉత్త మాట కాదు. కన్నతల్లి తర్వాత ఆమే. అలాంటి బిడ్డ పెళ్లి కబురు, ఓడ గది పోయిందని అడగడానికి వస్తే, బల్ల దగ్గర నిలబడి వినాల్సి వచ్చింది.

"నాకెందుకు చెప్పలె, అమ్మడూ?" అని అడిగింది. ఈసారి గొంతులో కోపం లేదు.

అమ్మడు తల ఎత్తకుండా చెప్పింది. నాగసాయి వాళ్లది బాగా ఆచారం ఉన్న ఇల్లట. మడి కట్టుకుని గానీ అతని తల్లి పొయ్యి ముట్టదట. పక్క గదిలో నువ్వుంటే, మధ్య తలుపు తీసి ఉంటే, సహస్ర పొద్దున లేచి అమ్మీ అని పిలవకుండా ఉంటుందా, అమ్మీ ఎవరని ఆవిడ అడగకుండా ఉంటుందా, అడిగితే నేనేం చెప్పను అంది. సాలేహా అంతా విన్నది. పేరు చూసి దూరం పెట్టారనుకుంటే అదొక రకం, అలాంటివి బతుకులో చూడనివి కావు. ఇది వేరు. ఇచ్చిన పాలే ఇప్పుడు ఈ ఇంటికి దాచుకోవలసిన తప్పు అయింది.

"నువ్వూ దానికి తల్లివే కదక్కా," అంది అమ్మడు, చటుక్కున ఆమె చేయి పట్టుకుని. "బిడ్డ కాపురం కోసం నాలుగు రోజులు కింది గదిలో ఉండలేవా?"

అంతవరకూ అడుగుతున్నది సాలేహా, జవాబు చెప్పవలసింది అమ్మడు. ఈ ఒక్క మాటతో లెక్క తిరగబడింది. ఇప్పుడు కాదంటే సాలేహాయే బిడ్డ మేలు కోరని తల్లి. అమ్మడు నేర్పు ఎంత గొప్పదో చూడండి, తల్లి అన్న పదాన్ని ఇన్నేళ్లూ దాచిపెట్టి, సరిగ్గా తల్లిని దూరం పెట్టడానికే బయటికి తీసింది.

సాలేహా మెల్లగా చేయి విడిపించుకుంది. "అడిగుంటే ఉంటుంటి," అంది. "కింద గాదు, ఓడే ఎక్కకుండ ఇంట్ల ఉంటుంటి. నా ముంగటికొచ్చి అక్కా గిట్ల సంగతి అనుంటే నేనే దాన్ని పిలిచి నాలుగు దినాలు నన్ను అమ్మీ అనకు బిడ్డా అని చెప్తుంటి. నువ్వు అడగలె. నా పేరు మీద అబద్ధం చెప్పినవు, నేనే మార్చుమన్ననని."

తర్వాత సాలేహా అసలు భయపడుతున్న ప్రశ్న అడిగింది.

"సహస్రకు ఎర్కనా?"

దానికేం తెలీదు, దానికి చెప్పలేదు అంది అమ్మడు వెంటనే. ఆ మాట విన్నాక సాలేహాకు కొంచెం ఊపిరి ఆడింది. అమ్మడు పోతే పోయింది, చక్రపాణి పోతే పోయాడు. పిల్లకు తెలియదు. తెలిస్తే ఊరుకునే పిల్ల కాదు. ఏడో తరగతిలో ఉన్నప్పుడు బడిలో ఒక పిల్ల రహీల్ మీ అన్న ఎట్లా అవుతాడే అన్నందుకు ఆ పిల్లతో మాట్లాడటమే మానేసిన గడుగ్గాయి. రేపు ఈ సంగతి తెలిస్తే ఆ నక్షాను ముక్కలు చేసి తల్లి ముఖాన కొడుతుంది, తను వెళ్లి దాన్ని సముదాయించాల్సి వస్తుంది. అలా అనుకుంటూ కొక్కెం వైపు కదిలింది, వెళ్లిపోదామని.

అప్పుడే వీధిలో కారు ఆగింది. కొత్త కాలనీ, దారి కనుక్కోవడం కష్టమని సహస్ర మెయిన్ రోడ్డు దాకా వెళ్లి ఎవరినో వెంటపెట్టుకుని వస్తోంది. అమ్మడు కిటికీలోంచి చూసి ఒక్క ఉదుటున లేచింది. సాలేహాకు ఏమీ చెప్పలేదు. తలుపు వెనక కొక్కెం మీది బురఖాను లాగి, నాలుగు మడతలు వేసి, పడకగదిలోకి తీసుకెళ్లి పరుపు కింద పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆ కొక్కెం కొట్టించింది చక్రపాణే, మా సాలేహా బురఖా పెట్టుకోవడానికని వడ్రంగికి చెప్పి మరీ.

నాగసాయి తల్లి లోపలికొచ్చింది. బొద్దుగా, నిదానంగా ఉన్న మనిషి. కళ్లలో గర్వం ఏమీ లేదు. అమ్మడు భయపెట్టినంత కఠినంగా లేనే లేదు. వస్తూనే చల్లని మాటతో పలకరించి, బల్ల మీద నక్షా చూసి ముచ్చటపడింది. మన గదులు ఇవేనా వదినగారూ, మధ్యలో తలుపు కూడా ఉందన్నారు కదా, రాత్రి భయమేస్తే మిమ్మల్ని లేపొచ్చు అని నవ్వింది. ఆవిడ వెనక సహస్ర. సాలేహాను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. చెప్పులు విప్పుతూ ఉండిపోయింది, రెండు చెప్పులు విప్పడానికి అంత సేపు ఎవరికీ పట్టదు.

"ఈవిడెవరండీ?" అని అడిగింది నాగసాయి తల్లి.

"మా సహస్రని చిన్నప్పుడు చూసుకున్న ఆయా అండీ," అంది అమ్మడు. "చాలా నమ్మకమైన మనిషి."

సాలేహా అమ్మడు వైపు చూడలేదు. ఆ ముఖం చూసే అవసరం ఇక ఆమెకు లేదు. సహస్ర వైపు తిరిగింది. పిల్ల అంతా విన్నది. ఇక ఆ పిల్ల ఒక్క మాట అనాలి. అమ్మీ అననక్కర్లేదు, కాపురం చేయాల్సిన పిల్ల, ఎందుకు ఇరకాటంలో పడాలి. కాదమ్మా అంటే చాలు. అది కూడా కష్టమైతే దగ్గరికొచ్చి పక్కన నిలబడితే చాలు. అంతకన్నా తక్కువ ఏం అడగొచ్చో సాలేహాకు తెలియలేదు.

సహస్ర చెప్పులు వదిలి లోపలికొచ్చింది. కాబోయే అత్తగారి వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూసింది. తర్వాత సాలేహా భుజం మీదుగా గోడ వైపు చూస్తూ అంది.

"నిలబడ్డావేం ఆయమ్మా, కూర్చో. మంచినీళ్లు తెస్తాను."

తడబడలేదు. ఆ పిలుపు ఇవాళ కొత్తగా నోటికి వచ్చింది కాదు, ముందే అనుకుని పెట్టుకున్నది. సాలేహాకు అదే అర్థమైంది. ఓడలో ఎవరెక్కడ ఉండాలో, ఎదురుపడితే ఎవరిని ఏమని పిలవాలో ఈ ఇంట్లో ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు. కిటికీ లేని గదిలో కూడా తను ఉండగలిగేది. ఈ పిల్ల నోట ఆ మాట విన్నాక ఈ నాలుగు గోడల మధ్య ఒక్క నిమిషం ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది.

నాగసాయి తల్లికి ఇవేవీ తెలియవు. పెద్దావిడ నిలబడే ఉందని నొచ్చుకుని, తన పక్క కుర్చీ తనే జరిపి రమ్మంది. ఎవరితోనైనా కలుపుగోలుగా మాట్లాడే అలవాటున్న మనిషి కాబట్టి, మా కోడలు చిన్నప్పుడు బాగా ఏడ్చేదా, అన్నం ఎప్పుడు ముట్టించారు అని వరసగా అడుగుతూ పోయింది. అమ్మడు పళ్లాలు సర్దుతున్నట్టు గలగలలాడిస్తూ మధ్యలో మాట మార్చబోయింది గానీ కుదరలేదు.

"వదినగారికి అప్పుడు జ్వరమొచ్చి ఆసుపత్రిలో ఉన్నారటగా, మావాడు చెప్పాడు. పాపం పసిగుడ్డు, తల్లి పాలు లేకుండా ఎలా పెంచారమ్మా?" అంది. "డబ్బా పాలేనా?"

అమ్మడు చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది. వంటింటి గుమ్మంలో నీళ్ల గ్లాసుతో వచ్చిన సహస్ర అక్కడే ఆగింది. ఈసారి గోడ వైపు కాదు, సాలేహా కళ్లలోకే చూసింది, వద్దని వేడుకుంటూ.

సాలేహా ఆ చూపును చూసింది. తర్వాత కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, నక్షాను పక్కకు జరిపి, నిదానంగా కూర్చుంది.

"డబ్బా పాలు ముట్టలేదమ్మా ఈ పిల్ల," అంది.